కనిపించని విద్యార్థికి పాఠం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల నేపథ్యంలో బహుళ సంఖ్యాక బోధనా సన్నాహ చరిత్ర

ఉపోద్ఘాతం

వేలమంది విద్యార్థులు ఒకేసారి నమోదు చేసుకొనే అంతర్జాల విశ్వవిద్యాలయ కోర్సును బోధించబోయే అధ్యాపకునికి మొదట స్ఫురించేది సాంకేతిక సమస్య. కెమెరా ముందు ఎలా నిలబడాలి, వెలుతురు ఎటునుండి పడాలి, ఫలకాలను ఎలా తయారుచేయాలి అనే విషయాలపై దృష్టి పోతుంది. కొన్ని వారాల అభ్యాసంతో ఇవన్నీ అలవడతాయి. అలవడనిది మరొకటి ఉంది. తరగతి గదిలో విద్యార్థి ముఖం చూసి, కనుబొమ్మ ముడిపడినచోట ఆగి, చెప్పిన మాటనే మరో విధంగా చెప్పే సౌకర్యం అధ్యాపకునికి ఉంటుంది. అంతర్జాలంలో ఆ ముఖం లేదు. పాఠం రికార్డయిన తరువాత దాన్ని ఎవరు, ఎక్కడ, ఏ స్థితిలో వింటారో అధ్యాపకునికి తెలియదు.

బహుళ సంఖ్యాక బోధనకు సన్నాహం అంటే విద్యార్థి అడగబోయే ప్రశ్నలను, అడగలేకపోయే ప్రశ్నలను ముందుగా ఊహించి పాఠంలోనే వాటికి చోటు కల్పించడమని ఈ వ్యాసం ప్రతిపాదన. ఈ పని తెలుగునాట అంతర్జాలంతో మొదలు కాలేదు. దానికి ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్రను పాత పాలమూరు జిల్లాలోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను ఆధారంగా చేసుకొని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఈ మూడూ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రాలయ్యాయి. ఒకనాడు విద్వత్సభలకు పేరుపడిన సీమ ఇదే. 2011 జనాభా లెక్కల్లో అక్షరాస్యతలో వెనుకబడిన సీమ కూడా ఇదే. నేటి తెలంగాణ సగటు 66.54 శాతం ఉండగా నాటి మహబూబ్‌నగర్ జిల్లాలో అది 55.04 శాతం. ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలో 50 శాతం కూడా లేదు. కనిపించని విద్యార్థి ఎవరన్న ప్రశ్నకు ఇక్కడ దొరికే సమాధానం అందుకే విలువైనది.

1. సంస్థాన సభ: ఎదుట ఉన్న పృచ్ఛకుడు

నిజాం పాలన కింద ఉన్న సంస్థానాల్లో గద్వాల, వనపర్తి, జటప్రోలు, ఆత్మకూరు సాహిత్య పోషణకు ప్రసిద్ధి పొందాయి. గద్వాలకు విద్వద్గద్వాల అనే పేరు వచ్చింది. ఏటా కార్తిక, మాఘ మాసాల్లో జరిగే సభలకు దూరప్రాంతాల నుండి పండితులు వచ్చి, పరీక్షకు నిలిచి, సత్కారాలు పొంది వెళ్లేవారు. తిరుపతి వేంకట కవులు గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానాలను సందర్శించిన సంగతి సాహిత్య చరిత్రలో సుపరిచితం.

అవధానాన్ని సాధారణంగా కవితా ప్రదర్శనగా చూస్తాం. బోధనాదృష్టితో చూస్తే అది సన్నాహ విద్య. ఎనిమిది మంది పృచ్ఛకులైనా, నూరుగురైనా, వారు ఏమడుగుతారో అవధానికి ముందుగా తెలియదు. తెలిసింది ప్రశ్నల స్వభావం మాత్రమే. సమస్య ఎక్కడ పొంచి ఉంటుంది, దత్తపదిలో ఏ తరహా పదాలు వస్తాయి, నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు ఏ దారిని మూస్తాడు అన్నవాటిని ఏళ్ల తరబడి సాధన చేసి సభకు వస్తాడు. నోట వెలువడే పద్యం ఆశువు కావచ్చు. దాని వెనుక ఉన్న సాధన మాత్రం ఆశువు కాదు. ప్రతి పృచ్ఛకునికి వంతులవారీగా ఒక్కొక్క పాదం చెబుతూ, చివర అన్నింటినీ ధారణలో ఏకరువు పెట్టడంలో ఒక క్రమశిక్షణ ఉంది. ఏ ఒక్క పృచ్ఛకుడినీ మరచిపోకూడదన్నదే ఆ క్రమశిక్షణ.

అయితే ఈ పోలికకు హద్దు ఉంది. సభలోని పృచ్ఛకుడు పండితుడు. అడగడం అతని హక్కు. అడగగల భాష అతని దగ్గర ఉంది. సభామందిరం బయట ఉన్న రైతుకు, నేతగానికి ఆ హక్కూ లేదు, ఆ భాషా లేదు. సంస్థాన విద్య ఎంత ఉన్నతమైనా అది ఎదుట కూర్చున్నవారి విద్య.

2. మాట ముందు, పుస్తకం తరువాత, తరగతి ఆ తరువాత

హైదరాబాదు రాజ్యంలో ఉన్నతవిద్యను దేశభాషలో చెప్పాలన్న పెద్ద ప్రయత్నం ఉస్మానియా విశ్వవిద్యాలయంతో 1918లో మొదలైంది. బోధనా భాష ఉర్దూ. ఇక్కడ గమనించవలసింది పని జరిగిన వరుస. తరగతులు ప్రారంభం కావడానికి ముందే, 1917లో, అనువాద సంస్థను నెలకొల్పారు. శాస్త్రాలకు పరిభాషను నిర్ణయించి, పాఠ్యగ్రంథాలను అనువదించి, ఆపైన అధ్యాపకుని తరగతికి పంపాలన్నది ఆ ఏర్పాటులోని ఆలోచన. బోధనకు ముందు భాషను సిద్ధం చేయాలన్న సూత్రం దాని వెనుక ఉంది. పాలమూరు తెలుగు విద్యార్థికి మాత్రం ఆ సన్నాహం వల్ల ఒరిగింది తక్కువ. ఇంటి భాష ఒకటి, పాఠపు భాష మరొకటి కావడం అతనికి అదనపు భారమైంది.

ఇదే కాలంలో ఈ గడ్డకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి మరో దారిలో నడిచాడు. ఇటిక్యాలపాడుకు చెందిన ఆయన 1926లో గోలకొండ పత్రికను ప్రారంభించాడు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు సమాధానంగా 1934లో వెలువరించిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులకు చోటు దక్కింది. పత్రిక ద్వారా పిలుపునిచ్చి, ఊరూరి కవుల నుండి రచనలను, వివరాలను రప్పించి కూర్చిన సంపుటం అది. ఒకచోట సమావేశం కానివారిని, ఒకరినొకరు ఎరుగనివారిని ఒక గ్రంథంలో కూడగట్టడం దాని విశేషం. దూరంలో ఉన్నవారు లేనివారు కారన్న సత్యాన్ని అది స్థాపించింది. దూరవిద్యకు కూడా ఈ సత్యమే పునాది.

తెలుగులో ఉన్నతవిద్యకు ఉస్మానియా అనువాద సంస్థ వంటి ఏర్పాటు 1968లో తెలుగు అకాడమి రూపంలో వచ్చింది. పరిభాషా పదకోశాలు, ఇంటర్మీడియట్, డిగ్రీ స్థాయి పాఠ్యగ్రంథాలు వెలువడ్డాయి. వీటివల్ల తెలుగు మాధ్యమంలో డిగ్రీ చదవడం సాధ్యమైంది. కానీ అకాడమి పుస్తకం తరగతి గదిని దృష్టిలో ఉంచుకొని రాసింది. పుస్తకంలో అర్థం కానిదాన్ని వివరించడానికి అధ్యాపకుడు ఉంటాడన్నది దాని నమ్మిక. అధ్యాపకుడు లేనిచోట ఏమి చేయాలన్న ప్రశ్న మిగిలిపోయింది.

3. పుస్తకమే ఉపాధ్యాయుడు

ఆ ప్రశ్నకు సమాధానంగా 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. దేశంలో ఇది మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆచార్య జి. రామ్‌రెడ్డి దీనికి తొలి ఉపాధ్యక్షుడు. అనంతరం 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి కూడా ఆయనే తొలి ఉపాధ్యక్షుడయ్యాడు. 1991లో ఈ సంస్థకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. పాఠశాల ధ్రువపత్రాలు లేనివారు సైతం 18 ఏళ్లు నిండితే అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కల్పించడం దీని ప్రధాన సంస్కరణ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అధ్యయన కేంద్రాలు వెలిశాయి. వారమంతా కూలికి, కొలువుకు వెళ్లే వ్యక్తి ఆదివారం నాడు కళాశాల మెట్లెక్కగలిగాడు.

తలుపు తెరవడం సగం పని. లోపలికి వచ్చినవారికి ఏ పాఠం ఇవ్వాలన్నది మిగిలిన సగం. బ్రిటన్‌లో 1969లో ఏర్పడి 1971లో బోధన ప్రారంభించిన ఓపెన్ యూనివర్సిటీ దీనికి ఒక పద్ధతిని చూపింది. ఒక్క అధ్యాపకుడు తన ఉపన్యాసాన్ని అచ్చువేయించడం కాకుండా, విషయ నిపుణుడు, సంపాదకుడు, బోధనా ప్రణాళిక తెలిసినవాడు కలిసి బృందంగా కోర్సును నిర్మించడం ఆ పద్ధతి. మన సార్వత్రిక విశ్వవిద్యాలయ పాఠ్యపుస్తకం తెరిస్తే ఆ ప్రభావం వెంటనే తెలుస్తుంది. పుస్తకం ఖండాలుగా, ఖండం భాగాలుగా విడిపోయి ఉంటుంది. ప్రతి భాగానికి మొదట విషయక్రమం, లక్ష్యాలు, ఉపోద్ఘాతం ఉంటాయి. మధ్యలో చదువరి తన ప్రగతిని తానే సరిచూసుకొనే ప్రశ్నలు వస్తాయి. చివర సారాంశం, ఆ ప్రశ్నలకు సమాధానాలు, మాదిరి పరీక్షా ప్రశ్నలు ఉంటాయి.

ఈ అంగాల్లో ప్రతిదీ తరగతి గదిలోని ఒక్కొక్క చర్యకు బదులు. లక్ష్యాలు అధ్యాపకుని తొలిమాటకు బదులు. మధ్యలోని ప్రశ్న, అధ్యాపకుడు ఉపన్యాసం ఆపి వెనుక బెంచీలోని విద్యార్థిని లేపే చర్యకు బదులు. సమాధానం భాగం చివర ఉండటం, వెంటనే చూడకుండా కాసేపు ఆలోచించమని చెప్పే హెచ్చరికకు బదులు. అవధానిని పృచ్ఛకుడు ప్రశ్నించేవాడు. ఇక్కడ పాఠ్యరచయిత తనను తానే ప్రశ్నించుకొని ఆ ప్రశ్నను పుటలో పెడతాడు. సభలో నోరు విప్పలేని రైతు తరఫున అడిగే పృచ్ఛకుడు మొదటిసారి పాఠంలోకి ప్రవేశించాడు. సార్వత్రిక విద్య చేసిన అసలైన మార్పు ఇదని చెప్పవచ్చు.

4. తెర మీదికి వచ్చిన పాఠం

తెర మీది బోధన కూడా తెలుగు పల్లెకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుండి ఏడాది పాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఇస్రో నిర్వహించిన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగంలో ఆరు రాష్ట్రాలకు చెందిన దాదాపు 2,400 గ్రామాలు పాల్గొన్నాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ప్రసారమయ్యేవి. తరువాతి కాలంలో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆకాశవాణి, దూరదర్శన్ ద్వారా పాఠాలను అందించింది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ, తెలంగాణలో టి-శాట్ ఆ దారిని కొనసాగించాయి. కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు 2020 సెప్టెంబరు 1 నుండి రాష్ట్రంలో పాఠశాల పాఠాలు టి-శాట్, దూరదర్శన్ యాదగిరి తెరల మీదనే సాగాయి.

ప్రపంచ స్థాయిలో 2008 నుండి బహుళ సంఖ్యాక అంతర్జాల కోర్సుల ప్రస్తావన వినవచ్చింది. 2011లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన కృత్రిమ మేధ కోర్సులో సుమారు 1,60,000 మంది చేరారు. పూర్తిచేసినవారు సుమారు 23,000. చేరిన ఏడుగురిలో ఒకరు గట్టెక్కారు. తరువాత వచ్చిన చాలా కోర్సుల్లో ఈ నిష్పత్తి ఇంకా పడిపోయింది. మన దేశంలో 2003లో మొదలైన ఎన్‌పీటీఈఎల్, 2017 జూలై 9న ప్రారంభమైన స్వయం వేదిక ఈ మార్గంలోనివే. స్వయం కోర్సుకు నాలుగు పాదాలను నిర్దేశించారు: దృశ్యపాఠం, చదువుకొనే సామగ్రి, స్వీయ మూల్యాంకనం, చర్చావేదిక. 1982 నాటి పుస్తకంలోని అంగాలతో పోల్చి చూస్తే మూడు పాదాలు పాతవేనని, చర్చావేదిక ఆదివారపు సంపర్క తరగతికి రూపాంతరమని తెలుస్తుంది.

రూపం నిలిచినా సన్నాహం సన్నగిల్లే ప్రమాదం ఉంది. పుస్తకం రాసేటప్పుడు బృందం తప్పనిసరి. కెమెరా ముందు ఒక్కరే నిలబడి గంట ఉపన్యాసాన్ని రికార్డు చేసి దాన్నే కోర్సు అనుకోవడం సులభం. స్వీయ మూల్యాంకనం ఆలోచింపజేసే ప్రశ్నగా కాక, జ్ఞాపకశక్తిని పరీక్షించే నాలుగు ఐచ్ఛికాలుగా కుదించుకుపోవచ్చు. చర్చావేదికనే నమ్ముకుందామంటే లెక్క కుదరదు. 10,000 మంది విద్యార్థులు ఒక్కొక్క ప్రశ్న అడిగి, ఒక్కొక్క సమాధానానికి మూడు నిమిషాలు పట్టిందనుకుంటే 500 గంటలు కావాలి. రోజుకు ఎనిమిది గంటల చొప్పున అధ్యాపకునికి రెండు నెలలు దాటుతుంది. అప్పటికి కోర్సు సగానికి పైగా గడిచిపోతుంది. కాబట్టి ప్రశ్నలను పాఠానికి ముందే ఊహించక తప్పదు.

ఇది ఐచ్ఛికమైన విషయంగా కూడా మిగలలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చదివేందుకు విశ్వవిద్యాలయాలు అనుమతించవచ్చు. 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయ పరిధిలోని విద్యార్థి డిగ్రీలో గణనీయమైన భాగం ఎక్కడో ఎవరో రికార్డు చేసిన పాఠంపై ఆధారపడే రోజు వచ్చిందన్నమాట. ఆ పాఠాల్లో అధిక భాగం ఇంగ్లీషులో ఉన్నాయి. అనువదించిన లిఖిత పాఠాలు కొన్ని తెలుగులో దొరుకుతున్నా, తెలుగు విద్యార్థిని ఊహించుకొని తెలుగులోనే ఆలోచించి చేసిన పాఠానికి అవి సాటిరావు. ఉస్మానియా కాలంలో పాలమూరు విద్యార్థి ఎదుర్కొన్న భారం కొత్త రూపంలో తిరిగివస్తున్నది.

5. ఒక పాఠం సన్నాహం: ద్విపద

ఈ సూత్రాలు ఆచరణలో ఎలా ఉంటాయో ఒక ఉదాహరణతో చూద్దాం. డిగ్రీ తెలుగులో రంగనాథ రామాయణం పాఠ్యాంశం అనుకుందాం. కర్తృత్వంపై పండితుల్లో భిన్నాభిప్రాయాలున్నా, గోన బుద్ధారెడ్డి పేరుతో ప్రసిద్ధమైన ఈ ద్విపద కావ్యం 13వ శతాబ్దిది. గోన వంశీయుల వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని నందివడ్డెమాను. పాఠంలో ద్విపద లక్షణం చెప్పాలి: పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం, మూడో గణం మొదటి అక్షరం యతి, రెండు పాదాలకు ప్రాస.

తరగతిలో ఇది పది నిమిషాల పని. కనిపించని విద్యార్థికి ఇదే వాక్యం చెబితే, ఇంద్రగణం అంటే ఏమిటో తెలియనివాడు అక్కడే ఆగిపోతాడు. ఆగిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. అందువల్ల పాఠాన్ని వెనుకనుండి సిద్ధం చేయాలి. ద్విపదకు ముందు గణాలు, గణాలకు ముందు గురులఘువులు రావాలి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క చిన్న దృశ్యపాఠం, దాని చివర ఒక ప్రశ్న ఉండాలి. విద్యార్థి ఎక్కడ తప్పటడుగు వేస్తాడో అనుభవం ఉన్న అధ్యాపకునికి తెలుసు. సంయుక్తాక్షరానికి ముందున్న హ్రస్వాక్షరం గురువవుతుందన్న నియమాన్ని చాలామంది సంయుక్తాక్షరానికే అన్వయిస్తారు. ఈ పొరపాటును ముందే పాఠంలో చూపాలి.

ఉదాహరణలు విద్యార్థి నోట ఉన్న మాటలైతే మేలు. గద్వాల అన్న పేరు తీసుకుందాం. ద్వా ముందున్న గ గురువు, ద్వా గురువు, ల లఘువు, అది తగణం. వనపర్తిలో వ, న లఘువులు, ర్తి ముందున్న ప గురువు, ర్తి లఘువు, అది సలం. నడిగడ్డ కూడా సలమే. ఈ మూడూ ఇంద్రగణాలు. కృష్ణ అన్న నది పేరు గురువు, లఘువు. అది హగణం, అంటే సూర్యగణం. వరుసగా గద్వాల, వనపర్తి, నడిగడ్డ, కృష్ణ అని పలికితే అర్థం మాట అటుంచి ద్విపద పాదపు నడక చెవికి తెలుస్తుంది. యతి మాత్రం కుదరలేదు. గకారానికి, నకారానికి మైత్రి లేదు. ఎందుకు కుదరలేదన్నదే తరువాతి పాఠానికి ప్రవేశద్వారం. అభ్యాసంగా నాగర్‌కర్నూలు పేరు ఇవ్వవచ్చు. నాలుగు గురువులు, ఒక లఘువు వచ్చి అది ఏ ఇంద్రగణంలోనూ ఇమడదు. తన జవాబు తప్పని భయపడే విద్యార్థికి, ఇమడకపోవడమే సరైన సమాధానమని చెప్పే వాక్యం పాఠంలో సిద్ధంగా ఉండాలి.

ఇదే పాఠానికి మరికొంత సన్నాహం అవసరం. ఇంట్లో ఒకే ఫోను ఉండి అది తండ్రితో పాటు వలసపనికి వెళ్లవచ్చు. నల్లమలలో సంకేతం అందని ఊళ్లున్నాయి. విత్తన పత్తి చేలలో పనిచేసి రాత్రి కూర్చునే యువతికి గంట పాఠం భారం. కాబట్టి తక్కువ పరిమాణంలో దించుకోగల ధ్వనిపాఠం, రెండు పుటల ముద్రిత సారాంశం, అధ్యయన కేంద్రంలో వాటి ప్రతి ఉండాలి. రికార్డింగుకు ముందు ఆ పాఠాన్ని ఒక కేంద్రంలో పదిమంది విద్యార్థులకు వినిపించి, వారు ఆగినచోటల్లా గుర్తుపెట్టి తిరగరాయడం అన్నింటికన్నా ముఖ్యం. వేలమందికి చెప్పే పాఠానికి ఆ పదిమందే తొలి పృచ్ఛకులు.

ముగింపు

సంస్థాన సభలో పృచ్ఛకుడు ఎదుట ఉన్నాడు. అయితే సభ కొందరిది. ఉస్మానియా ప్రయోగం బోధనకు ముందు భాషను సిద్ధం చేయాలని చూపింది. ఆ భాష పాలమూరు ఇంటిది కాలేదు. సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటి భాషలో, అందరి కోసం, ప్రశ్నను పాఠంలోనే పొదిగి ఇచ్చింది. అంతర్జాలం ఆ పాఠాన్ని మరింత దూరం తీసుకుపోగలదు. అయితే దూరం పోవడం, చేరడం ఒకటి కావు.

తెలుగు శాఖలకు ఇందులో ప్రత్యేకమైన బాధ్యత ఉంది. ఏ కోర్సైనా తెలుగులో సిద్ధం కావాలంటే పరిభాష, వాక్యం, ఉదాహరణ తెలుగు తెలిసినవారి చేతుల మీదుగా రావాలి. అంతర్జాల కోర్సు నిర్మాణంలో తెలుగు అధ్యాపకుని పాత్ర అచ్చుతప్పులు దిద్దే దశలో కాక, పాఠం రూపుదిద్దుకొనే మొదటి సమావేశంలోనే మొదలు కావాలి. నాలుగు దశాబ్దాల సార్వత్రిక పాఠ్యపుస్తకాలను భాషా, బోధనా దృష్టులతో పరిశీలించే పరిశోధన కూడా జరగవలసి ఉంది. ఏ ప్రశ్నలను ఆ రచయితలు ముందుగా ఊహించారో, వేటిని ఊహించలేకపోయారో అందులో తెలుస్తుంది. గద్వాల అధ్యయన కేంద్రంలో ఆదివారం నాడు వెనుక వరుసలో కూర్చొని, అడగాలనుకొని అడగని ప్రశ్నతో ఇంటికి వెళ్లే విద్యార్థికి అలాంటి పరిశోధన నేరుగా ఉపయోగపడుతుంది.